మల్లుడును త్రాసును

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గోలకొండ కోటకు అల్లంత దూరమున, ఒకప్పుడు పెద్దపెద్ద బండరాళ్లును, సీతాఫలపు పొదలును, పశువులు మేయు బీళ్లును విస్తారముగా నుండెడివి. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి అను పల్లెలు ఆ బండల నడుమ నుండెను. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించెను. అది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ అను పేరు దాల్చి, ఏటేట పెరిగి, సైబరాబాదుగా ప్రసిద్ధి కెక్కినది. నేడు అచ్చట వేలకొలది యువకులును, యువతులును గణనయంత్రముల ముందు కూర్చుండి దేశదేశముల పనులు చక్కబెట్టుచున్నారు.

ఆ ప్రాంతమునకు మరియొక ఖ్యాతియు కలదు. గచ్చిబౌలియందు 2002వ సంవత్సరములో జరిగిన జాతీయక్రీడల సందర్భమున ఒక విశాలమైన క్రీడాప్రాంగణము నిర్మింపబడినది. ఆ యేడే విమానప్రమాదమువంటి హెలికాప్టరు దుర్ఘటనలో మరణించిన లోక్‌సభాధ్యక్షుడు జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టిరి. 2003లో ఆఫ్రికా, ఆసియా ఖండముల క్రీడాకారులు హైదరాబాదునకు వచ్చిరి. 2007వ సంవత్సరము అక్టోబరు నెలలో అంతకంటె పెద్ద వేడుక జరిగినది. అదియే నాలుగవ ప్రపంచ సైనికక్రీడోత్సవము.

ప్రపంచమందలి సైనికులు యుద్ధరంగమున గాక క్రీడారంగమున కలిసికొనవలెనను సదుద్దేశముతో 1948లో ఒక అంతర్జాతీయ సైనికక్రీడామండలి వెలసినది. దాని ఆధ్వర్యమున మొదటి ప్రపంచక్రీడలు 1995లో రోమునగరమున జరిగినవి. రెండవ పర్యాయము జాగ్రెబ్‌లోను, మూడవ పర్యాయము కతానియాలోను జరిగి, నాలుగవ పర్యాయము ఆసియాఖండమున మొట్టమొదటిసారిగా హైదరాబాదునకు ఆ గౌరవము దక్కినది. తెరచాపపడవల పందెములు మాత్రము సముద్రతీరమైన ముంబాయిలో జరిగినవి. సుమారు నూరు దేశముల సైనికులు పాల్గొన్న ఆ క్రీడలలో పరుగుపందెములు, ఈత, గురిపెట్టి కాల్చుట, ముష్టియుద్ధము మొదలగువానితో పాటు కుస్తీయు ఒకటి.

కుస్తీపోటీల పట్టికను చూచినవారికి మొదట కన్పట్టునవి పేర్లు కావు, అంకెలు. ఆనాటి అంతర్జాతీయ నియమముల ప్రకారము పురుషుల స్వేచ్ఛాశైలి కుస్తీయందు 55, 60, 66, 74, 84, 96, 120 కిలోగ్రాములు అని ఏడు తరగతు లుండెను. ఒక్కొక్క అంకెయు ఒక్కొక్క హద్దు. 60 కిలోగ్రాముల తరగతిలో పోటీచేయు మల్లుడు త్రాసుపై నిలిచినపుడు 60కి మించరాదు. 55కు లోబడినవాడు ఆ క్రింది తరగతికి చెందును. ఇట్లు బరువునుబట్టి మల్లులను వేరుచేయుటకు కారణమేమి? ఈ హద్దులను ఎవరు, ఎపుడు, ఏల గీసిరి? వీనివలన కలిగిన మేలెంత, కీడెంత? ఈ విషయములు తెలిసికొనదగినవి.

కుస్తీయందు శక్తి, యుక్తి అను రెండును కావలెను. అయినను ఇద్దరు మల్లుల విద్య సమానముగా నున్నపుడు బరువైనవాడే గెలుచును. ఇందుకు కారణము కష్టమైనది కాదు. బరువులెత్తువాడు ఇనుపగుండును ఎత్తును. మల్లునకు ఎదిరి శరీరమే ఇనుపగుండు. 57 కిలోల మల్లుడు 57 కిలోల వానిని పైకెత్తుటయన తన యంతటి బరువును ఎత్తుట. అతడే 97 కిలోల వానితో తలపడినచో తనకంటె 40 కిలోలు ఎక్కువైన బరువును కదలింపవలెను. ఎదిరివానికి మాత్రము తన బరువులో మూడువంతులకంటె తక్కువైన భారమే ఎత్తవలసివచ్చును. పోటీ ఆరంభము కాకముందే త్రాసు ఒకవైపునకు మొగ్గినదన్నమాట.

ప్రకృతిశాస్త్రము మరియొక సంగతియు చెప్పుచున్నది. కండరముయొక్క బలము దాని అడ్డుకొలత వైశాల్యమును బట్టి యుండును. శరీరముయొక్క బరువు దాని ఘనపరిమాణమును బట్టి యుండును. అన్నివైపుల రెండింతలు పెరిగిన ఒక శరీరమును ఊహింపుడు. దాని బలము నాలుగింతలగును, బరువు ఎనిమిదింతలగును. కావుననే చిన్నజీవులు తమ బరువుతో పోల్చినపుడు మిక్కిలి బలము గలవిగా కన్పట్టును. చీమ తనకంటె ఎన్నో రెట్లు బరువైన గింజను మోసికొనిపోవును. ఏనుగునకు అది సాధ్యము కాదు. తేలికైన మల్లుడు తన శరీరమును చురుకుగా త్రిప్పగలడు, వడిగా లేవగలడు. కాని పట్టులో చిక్కి త్రోపులాట పెరిగినపుడు నాలుగింతల బలమే నెగ్గును. కనుక తేలికవాని నేర్పు పరీక్షింపబడవలెనన్నచో అతనిని తేలికవానితోడనే నిలుపవలెను.

ఈ న్యాయము క్రొత్తది కాదు. భాగవతమున మథురానగరమందలి మల్లరంగము ఘట్టమును చదివినవారికి ఇది పరిచితమే. కంసుని ఆజ్ఞచే చాణూరుడు శ్రీకృష్ణుని మల్లయుద్ధమునకు పిలిచెను. అపుడు కృష్ణుడు, తాము బాలురమనియు, సమానబలము గలవారితో ఆడుటయే తగుననియు, అట్లుకానిచో సభవారికి అధర్మము సోకుననియు పలికెను. పర్వతములవంటి మల్లులకును సుకుమారులైన బాలురకును పోటీ పెట్టిరని చూచి పురస్త్రీలు దుఃఖించిరి. అన్యాయము జరుగు సభలో కూర్చుండరాదని తమలో తాము చెప్పుకొనిరి. కృష్ణుడు చాణూరుని, బలరాముడు ముష్టికుని కూల్చిరి. అది అవతారపురుషుల మహిమ. సామాన్యులకు మాత్రము ఆ స్త్రీలు పలికిన ధర్మమే శరణ్యము. సమానులతోనే పోటీ, అసమానపుపోటీని చూచి ఊరకుండువారికిని పాపము, అను ఈ రెండు మాటలలో నేటి బరువు తరగతుల సారమంతయు ఇమిడియున్నది.

ప్రాచీన గ్రీకుదేశమున ఒలింపిక్ క్రీడలయందు కుస్తీ గౌరవస్థాన మాక్రమించెను. కాని అచ్చట బరువు తరగతులు లేవు. బాలురకును పెద్దలకును వేరువేరు పోటీలుండెను. అంతకుమించి వింగడింపు లేదు. 1896లో ఏథెన్సునగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు పునఃప్రారంభింపబడినపుడు కూడ కుస్తీకి ఒకటే పోటీ యుండెను. అందు జర్మనీదేశపు కార్ల్ షూమన్ అను పొట్టివాడు, దేహవ్యాయామవిద్యలో ఆరితేరినవాడు, మొదట తనకంటె భారీ దేహుడైన బ్రిటన్ బరువులెత్తు వీరుడు లాన్‌సెస్టన్ ఎలియట్‌ను ఓడించెను. తుదిపోటీలో గ్రీకు మల్లుడు యోర్గోస్ సీతాస్‌తో తలపడగా, చీకటి పడుటచే ఆట ఆపి, మరునాడు కొనసాగించిరి. షూమన్ నెగ్గెను. చిన్నవాడు పెద్దవానిని గెలుచుట అసాధ్యము కాదని ఈ కథ తెలుపుచున్నది. కాని ఒక్క షూమన్ గెలుపును చూపి పదిమంది చిన్నవారిని పెద్దవారి కాళ్లక్రింద పడవేయుట న్యాయము కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జరిగిన క్రీడలలో స్వేచ్ఛాశైలి కుస్తీ తొలిసారి ప్రవేశింపగా, బరువును బట్టి తరగతులును అప్పుడే ఏర్పడినవి.

స్వేచ్ఛాశైలి యనగా నేమి? కుస్తీయందు ప్రధానముగా రెండు శైలులు కలవు. గ్రీకో-రోమన్ శైలియందు నడుమునకు క్రిందిభాగమును పట్టుకొనరాదు. కాలితో మెలిక వేయరాదు. స్వేచ్ఛాశైలియందు కాళ్లను పట్టుకొనవచ్చును, కాలితో కాలిని మెలివేయవచ్చును. మన దేశపు కుస్తీ ఈ రెండవదానికి దగ్గరి చుట్టము. కనుకనే భారతీయ మల్లులు అంతర్జాతీయరంగమున స్వేచ్ఛాశైలియందే ఎక్కువ పేరు గడించిరి.

తెలుగునాట కుస్తీకి గొప్ప పరంపర కలదు. జెట్టి, వస్తాదు, గోదా, తాలింఖానా అను మాటలు మన భాషలో స్థిరపడుటయే అందులకు నిదర్శనము. ఉదయము చీకటితోనే లేచి, గోదాలోని మట్టిని గునపముతో త్రవ్వి మెత్తపరచి, దండీలు, బస్కీలు తీసి, వస్తాదునకు నమస్కరించి మట్టిలోనికి దిగుట తాలింఖానా ఆచారము. హైదరాబాదు పాతబస్తీలో ఈ ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. శ్రీకాకుళసీమలోని వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు మల్లవిద్యచేతను, అద్భుతమైన దేహబలముచేతను కలియుగభీముడని కీర్తి గాంచెను. విజయనగరమున వ్యాయామవిద్య నేర్చి నేర్పి, పిమ్మట సర్కసు సంఘమును స్థాపించి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కదలుచున్న మోటారుకారును గొలుసుతో ఆపుట మొదలగు ప్రదర్శనలు కావించెను. ఆ కాలపు గోదాలలో త్రాసు లేదు. వస్తాదు కంటిచూపుతోనే ఇద్దరిని బేరీజువేసి జోడి కుదిర్చెడివాడు. వస్తాదు ధర్మాత్ముడైనచో జోడి సరిగా కుదురును, పక్షపాతియైనచో కుదురదు. అంతర్జాతీయ పోటీలలో వస్తాదు కంటికి బదులుగా త్రాసుముల్లు వచ్చినది. త్రాసునకు బంధుత్వము లేదు, దేశభేదము లేదు.

ఐనను హద్దులు మాత్రము ఎల్లకాలము ఒకే చోట నిలిచి యుండలేదు. 57 కిలోల తరగతి చరిత్రను చూచినచో ఈ సంగతి తెలియగలదు. మహారాష్ట్రలోని సతారా జిల్లా గోళేశ్వర గ్రామవాసి ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్ 1948లో లండన్ ఒలింపిక్ క్రీడలలో 52 కిలోల తరగతిలో పోటీచేసి ఆరవస్థానము పొందెను. అంతవరకు మట్టిగోదాలో కుస్తీపట్టిన అతనికి విదేశపు మెత్తని మ్యాట్ క్రొత్త. నాలుగేండ్లు మిక్కిలి శ్రమించి, 1952లో హెల్సింకీ నగరమున 57 కిలోల తరగతిలో నిలిచి కాంస్యపతకము సాధించెను. స్వతంత్రభారతమునకు వ్యక్తిగతమైన ఒలింపిక్ పతకము తెచ్చిన మొదటివాడు జాధవే. అదే తరగతిలో 1967లో ఢిల్లీలో జరిగిన ప్రపంచపోటీలందు బిశంబర్ సింగ్ రజతపతకము గెలిచెను. అంతకు పూర్వము 1961లో యొకొహామాలో ఉదయచంద్ 67 కిలోల తరగతిలో కాంస్యము సాధించి, ప్రపంచపోటీలలో పతకము పొందిన మొదటి భారతీయుడయ్యెను.

పిమ్మట తరగతులు మారినవి. హైదరాబాదు క్రీడలు జరిగిన 2007లో 57 కిలోల తరగతియే లేదు. సహజముగా 57 కిలోలు తూగు సైనికమల్లుని ముందు రెండే దారులుండెను. రెండు కిలోలు తగ్గి 55లో చేరుట ఒకటి. తగ్గకయే 60లో చేరి, తనకంటె మూడు కిలోలు బరువైనవారితో తలపడుట రెండవది. 2014లో అంతర్జాతీయ సమాఖ్య తరగతులను సవరించి 57ను మరల ప్రవేశపెట్టెను. 2018లో ప్రపంచపోటీలకు 57, 61, 65, 70, 74, 79, 86, 92, 97, 125 అని పది తరగతులు ఏర్పరచిరి. ఒలింపిక్ క్రీడలకు మాత్రము 57, 65, 74, 86, 97, 125 అను ఆరే మిగిలినవి. ప్రపంచపోటీలలో 61 కిలోల తరగతి వీరుడైనవాడు ఒలింపిక్ క్రీడలకు పోవలెనన్నచో నాలుగు కిలోలు తగ్గవలెను, లేదా నాలుగు పెరుగవలెను. గీత ఎచ్చట గీయబడునో దానినిబట్టి ఒక మల్లుని భవిష్యత్తు మారిపోవును. ఈ మార్పిడి ఫలముగా తిరిగివచ్చిన 57 కిలోల తరగతిలోనే టోక్యో క్రీడలందు, 2021లో, రవికుమార్ దహియా రజతమును, 2024లో పారిస్ క్రీడలందు అమన్ సెహ్రావత్ కాంస్యమును గెలిచిరి. జాధవ్ నిలిచిన గీతపైననే డెబ్బదిరెండేండ్ల తరువాత అమన్ నిలిచెనని చెప్పవచ్చును.

ఇక పోటీ జరుగు తీరును చూతము. ఒక్కొక్క దేశమునుండి ఒక్కొక్క తరగతికి ఒక్కడే మల్లుడు వచ్చును. మొదట వైద్యపరీక్ష జరుగును. చర్మవ్యాధులున్నచో, గోళ్లు పెరిగియున్నచో ఎదిరికి హాని కలుగును గాన అనుమతింపరు. తరువాత తూనిక. మల్లుడు పోటీలో ధరించు బిగువు దుస్తులతోనే త్రాసుపై నిలువవలెను. ఆ దుస్తుల బరువునకు మినహాయింపు లేదు. ఏర్పరచిన కాలములోపల ఎన్నిమారులైనను ఎక్కి చూచుకొనవచ్చును. కాలము ముగిసిన పిదప ఒక్క క్షణమైనను గడువీయరు. 2007లో ఈ తూనిక పోటీకి ముందటిదినమున జరిగెడిది. ఒక తరగతి పోటీ అంతయు మరునాడు ఒకేదినమున ముగిసెడిది.

కుస్తీమ్యాట్‌పై తొమ్మిది మీటర్ల వ్యాసము గల వలయము గీయబడియుండును. దాని అంచున ఒక మీటరు వెడల్పున వేరొక రంగుపట్టె యుండును. అది గోడవంటిది, హద్దు సమీపించినదని మల్లునకు తెలియుటకై ఏర్పరచినది. 2007లో రెండేసి నిమిషముల మూడు అంకములుండెను. రెండు అంకములు గెలిచినవాడు విజేత. నేటి నియమముల ప్రకారము మూడేసి నిమిషముల రెండు అంకములు జరుగును. రెండింటి మార్కులును కలిపి లెక్కింతురు. నిలిచియున్న ఎదిరిని క్రిందపడవేసి వశపరచుకొన్నచో రెండు మార్కులు. వెన్ను నేలవైపు త్రిప్పినచో రెండు. గాలిలోనికి ఎత్తి వెల్లకిల పడవేసినచో నాలుగు, మిక్కిలి ఎత్తునుండి ఘనముగా విసరినచో ఐదు. ఎదిరిని వలయము దాటించినచో ఒకటి. పది మార్కుల ఆధిక్యము లభించినచో ఆట అంతటితో ముగియును. ఎదిరి రెండు భుజముల వెనుకభాగములు ఒక్కసారి మ్యాట్‌కు అంటునట్లు అదిమిపట్టినచో, మార్కుల లెక్కతో పనిలేకయే విజయము లభించును. మన పల్లెలలో చిత్తుచేయుట అనునది ఇదియే.

ఓడినవానికి మరియొక అవకాశము ఇచ్చు విధానము కుస్తీలోని విశేషము. మొదటిపోటీలోనే ప్రపంచవీరుడు ఎదురైనచో, మంచి మల్లుడైనను ఓడిపోవచ్చును. అది చీటీల దోషమే గాని అతని దోషము కాదు. కనుక తుదిపోటీకి చేరిన ఇద్దరి చేతిలో ఓడినవారిని మాత్రము మరల పిలిచి, వారిలో వారికి పోటీపెట్టి, రెండు కాంస్యపతకములు ఇత్తురు. 2012లో లండన్ క్రీడలందు 60 కిలోల తరగతిలో యోగేశ్వర్ దత్ రష్యామల్లుని చేతిలో ఓడిపోయెను. ఆ రష్యామల్లుడు తుదిపోటీకి చేరుటచే యోగేశ్వరునకు మరల పిలుపు వచ్చెను. కన్ను వాచియున్నను అతడు వరుసగా మూడు కుస్తీలు గెలిచి కాంస్యము పొందెను. ఓటమి నిరాశకు కారణము కానక్కరలేదని ఈ ఉదాహరణము చెప్పుచున్నది. కాని ఈ రెండవ అవకాశము పోటీలో ఓడినవానికే గాని తూనికలో ఓడినవానికి లేదు.

ఇచ్చటనే బరువు తరగతుల రెండవ ముఖము కన్పట్టును. బలహీనుని రక్షించుటకు గీసిన గీత, ఆ గీతను మోసగింపదలచినవానికి ఉరిత్రాడు కాగలదు. సహజముగా 62 కిలోలు తూగువాడు 57 కిలోల తరగతిలో దిగినచో తనకంటె చిన్నవారిపై తనకు పైచేయి దొరకునని భావించును. తూనికకు ముందు రెండు మూడు దినములు అన్నపానములు మాని, మందపు దుస్తులు కప్పుకొని పరుగెత్తి, వేడిగదులలో కూర్చుండి చెమటోడ్చి, ఐదు కిలోలు తగ్గును. త్రాసు దిగినవెంటనే నీరు త్రాగి, అన్నము తిని, మరల ఐదు కిలోలు పెరుగును. ఎదిరియు అదే పని చేయును. తుదకు ఇద్దరును 57 కిలోల తరగతిలో 62 కిలోల మల్లులుగా నిలుతురు. ఎవ్వరికిని లాభము కలుగలేదు. ఇద్దరికిని నష్టమే కలిగినది.

నష్టమెట్టిదో శరీరశాస్త్రము చెప్పుచున్నది. మనుష్యశరీరమున సుమారు నూటికి అరువదివంతులు నీరే. రెండు మూడు దినములలో తగ్గిన బరువు క్రొవ్వు కాదు, అధికభాగము నీరు. శరీరపుబరువులో నూటికి రెండువంతుల నీరు పోయినచో ఓర్పు తగ్గుట ఆరంభించును. నీరు తగ్గినకొలది రక్తము పరిమాణము తగ్గును, గుండె మరింత వడిగా కొట్టుకొనవలసివచ్చును, చెమట పోయక దేహము లోలోపల కాగిపోవును, మూత్రపిండములు దెబ్బతినును. 1997వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాదేశమున ముగ్గురు కళాశాల విద్యార్థులు, యువమల్లులు, బరువు తగ్గుటకై చేసిన ఇట్టి ప్రయత్నములోనే ప్రాణములు కోల్పోయిరి. ముగ్గురి మరణములు నలుబది దినములు గడువకమునుపే ఒకదాని వెంట ఒకటి సంభవించినవి. ఆ దేశపు కళాశాలల క్రీడాసంఘము మేల్కొని వేడిగదులను, చెమటదుస్తులను నిషేధించెను; తూనికను పోటీవేళకు దగ్గరగా జరిపెను; దేహమున తగినంత నీరున్నదో లేదో పరీక్షించిన పిదపనే విద్యార్థికి తగిన కనీసపు బరువును నిర్ణయించు పద్ధతిని తెచ్చెను.

అంతర్జాతీయ సమాఖ్యయు ఈ దిశగానే అడుగువేసెను. 2018 నుండి ఒక్కొక్క తరగతి పోటీని రెండుదినములకు విస్తరించి, రెండు దినములందును ఉదయముననే తూనిక జరుపుచున్నారు. ముందటిదినము సాయంకాలము తూగి, రాత్రియంతయు తిని త్రాగి బరువు పెంచుకొను అవకాశము దీనివలన పోయినది. మల్లుడు తన సహజమైన తరగతిని ఎన్నుకొనవలెనని ఈ నియమము ఉద్దేశము. నియమము మంచిదే, కాని అది ఎంత కఠినమైనదో 2024లో భారతదేశమంతయు చూచినది.

పారిస్ క్రీడలలో మహిళల 50 కిలోల తరగతిలో వినేశ్ ఫోగట్ నిలిచెను. టోక్యోలో ఆమె పోటీచేసినది 53 కిలోల తరగతిలో. ఆగస్టు 6వ తేదీన ఆమె మూడు కుస్తీలు గెలిచెను. మొదటిదానిలోనే, అంతవరకు అంతర్జాతీయ పోటీలలో విదేశీయులచేతిలో ఓటమి యెరుగని జపాను వీరవనిత యుయి సుసాకిని ఓడించి లోకమును ఆశ్చర్యపరచెను. తుదిపోటీకి చేరుటచే పతకము నిశ్చయమైనదని అందరును సంతసించిరి. ఆ రాత్రి ఆమె నిద్ర లేక చెమటోడ్చెను. తుదకు జుట్టును కూడ కత్తిరించిరి. మరునాటి ఉదయము తూనికలో ముల్లు 50 కిలోల 100 గ్రాములు చూపెను. నూరు గ్రాములు! ఒక చిన్న అరటిపండు బరువు. ఐదువందల వంతులలో ఒక వంతు. నియమమును బట్టి ఆమెను పోటీనుండి తొలగించి చివరిస్థానమున నిలిపిరి. క్రీడల న్యాయస్థానము ఆమె విన్నపమును త్రోసిపుచ్చెను.

రెండు దినములు గడచిన పిమ్మట అదే నగరమున, అదే త్రాసువద్ద, పురుషుల 57 కిలోల తరగతిలో అమన్ సెహ్రావత్ వంతు వచ్చెను. ఆగస్టు 8వ తేదీ సాయంకాలము ఉపాంత్యపోటీ ముగిసినపుడు అతడు 61 కిలోల 500 గ్రాములు తూగెనని పత్రికలు ప్రకటించినవి. ఉదయమునకు నాలుగున్నర కిలోలు తగ్గవలెను. శిక్షకులు రాత్రియంతయు అతని ప్రక్కనే యుండి, వేడినీటి స్నానము, పరుగు, విశ్రాంతి అను క్రమమున పనిచేయించిరి. తెల్లవారునప్పటికి 4 కిలోల 600 గ్రాములు తగ్గి, గీతకు నూరుగ్రాములు లోపల నిలిచెను. ఆ దినముననే పోర్టోరికో మల్లుడు డేరియన్ క్రూజ్‌ను 13-5 మార్కులతో గెలిచి కాంస్యపతకము ధరించెను. ఇరువదియొక్క ఏండ్ల వయస్సున, వ్యక్తిగత ఒలింపిక్ పతకము పొందిన భారతీయులలో అతిపిన్న వయస్కుడయ్యెను.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము బోధపడును. ఒకరికి గీతకు ఆవల నూరు గ్రాములు; వేరొకరికి గీతకు ఈవల నూరు గ్రాములు. ఒకరి దీక్షకంటె వేరొకరి దీక్ష తక్కువది కాదు. మరి త్రాసు అన్యాయము చేసినదా? నూరు గ్రాములు విడువవచ్చుననినచో రేపు నూటయాబది గ్రాములవాడు వచ్చి నిలుచును. గీత కదలినకొలది అందరును దాని అంచునకే చేరుదురు. గీత ఉన్నచోటనే యుండవలెను. కాని గీతను అంటిపెట్టుకొని బ్రతుకవలసిన దుస్థితి మల్లునకు రాకుండ చూచుట శిక్షకుల, సంఘముల బాధ్యత. తరగతులు తగినన్ని యుండుట, వైద్యుని నిర్ణయమును బట్టి తరగతిని ముందే ఎంచుకొనుట, ఎదుగు వయస్సుననున్నవారిని బరువు తగ్గింపవలదని నిర్బంధించుట, ఇవి అందులకు మార్గములు.

ఎదుగుచున్న బాలబాలికలు ఈ చివరిమాటను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఏటేట అంగుళమంగుళము పెరుగవలసిన ఎముకలకును, కండరములకును ఆహారమే ఆధారము. అమన్ చేసిన కార్యము అనుభవజ్ఞులైన శిక్షకుల కనుసన్నలలో జరిగినది. అది అనుకరింపదగినది కాదు. పాఠశాలల పోటీలకై ఉపవాసముండి, నీరు మాని, ఒక తరగతి క్రిందికి దిగుటకంటె, కడుపునిండ తిని, చక్కగా వ్యాయామము చేసి, సహజమైన తరగతిలో నిలుచుటయే వీరలక్షణము. 1948లో 52 కిలోల తరగతిలో ఆరవస్థానమున నిలిచిన జాధవ్, 1952లో తగ్గుటకు బదులుగా పెరిగి 57లో పతకము గెలిచెనన్నది మరువరానిది.

2007లో హైదరాబాదునకు వచ్చిన సైనికమల్లులలో పెద్ద దేశములవారును, చిన్న దేశములవారును కలరు. కొన్ని దేశముల సైన్యములు లక్షలలో నుండును; కొన్నింటివి కొన్ని వేలకు మించవు. యుద్ధరంగమున ఆ సంఖ్యలే జయాపజయములను నిర్ణయించును. కుస్తీమ్యాట్‌పై అట్లు కాదు. అరువది కిలోల సైనికుడు అరువది కిలోల సైనికునితోడనే తలపడును. వెనుక ఎన్ని ఫిరంగులున్నను అవి త్రాసుపైకి ఎక్కవు. పెద్దరాజ్యమునకును చిన్నరాజ్యమునకును ఒకే కొలత పట్టించుట మానవులు నేర్చిన గొప్ప విద్యలలో ఒకటి.

సంఘజీవనమున అందరిని ఒకే బరిలో నిలిపి, ఓడినవానిని అసమర్థుడని నిందించుట సులభము. పుట్టుకచేతనో, పేదరికముచేతనో, వయస్సుచేతనో తేలికగా నున్నవానిని బరువైనవాని ముందు నిలిపినచో అది పోటీ కాదు. మొదట కొలత సరిచూచి, పిమ్మట పోటీ పెట్టుట ధర్మము. పోటీలో దిగినవాడు ఆ కొలతను వంచింపక నిలుచుటయు అంతే ధర్మము. ఈ రెండు ధర్మములును కలిసినచోట గెలిచినవాని గెలుపునకు విలువ యుండును, ఓడినవానికి అవమానముండదు.